హైస్కూల్ టీచర్లు పెరిగారంటే ఏం పెరిగినట్టు?

1950-51లో దేశం మొత్తం మీద హైస్కూళ్ళు, హయ్యర్ సెకండరీ స్కూళ్ళలో పనిచేసే టీచర్లు 1 లక్షా 27 వేల మంది. ఇప్పటి లెక్కలో 9 నుంచి 12 తరగతుల స్థాయిలో ఆ ఏడాది చదివిన పిల్లలు 15 లక్షలు. భాగించి చూస్తే 12 మంది పిల్లలకు ఒక టీచరు. కానీ కేంద్ర విద్యాశాఖ పట్టికలో అదే ఏడాదికి హైస్కూళ్ళ విద్యార్థి-ఉపాధ్యాయ నిష్పత్తి 21 అని ఉంటుంది. యాభై ఏళ్ళు ముందుకొచ్చి 2000-01 చూడండి. టీచర్లు 17 లక్షల 61 వేలు, పిల్లలు 2 కోట్ల 76 లక్షలు. మన భాగహారంలో 16 వస్తుంది, పట్టికలో 32 ఉంటుంది.

అచ్చుతప్పు కాదు, రెండూ సరైన లెక్కలే. టీచర్లను బడిని బట్టి లెక్కపెట్టారు, పిల్లలను తరగతిని బట్టి లెక్కపెట్టారు. మన హైస్కూళ్ళలో 6, 7, 8 తరగతులు కూడా ఉంటాయి కదా. వాళ్ళకు చెప్పే సార్లు హైస్కూల్ టీచర్ల ఖాతాలో పడ్డారు, ఆ పిల్లలు మాత్రం 9–12 ఖాతాలో పడలేదు. నిష్పత్తి కట్టేటప్పుడు ఆ బడిలో ఉన్న పిల్లలందరినీ తీసుకున్నారు కాబట్టి అది రెట్టింపు దాకా పోయింది.

సెకండరీ టీచర్ల సంఖ్య ఇంత పెరిగింది అని ఎవరు చెప్పినా ముందు విప్పాల్సిన ముడి ఇది. ఇంతకన్నా గట్టి ముడి ఇంకొకటి ఉంది. ప్రైమరీ బడిలో టీచర్లను తలల లెక్కన కొలిస్తే చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే ఒకే టీచరు అన్నీ చెబుతారు. హైస్కూల్లో అలా కుదరదు. అక్కడ టీచరంటే ఒక సబ్జెక్టు, వారానికి ఇన్ని పీరియడ్లు. తలలు పెరిగినా లెక్కల పీరియడ్ ఖాళీగా పోయే బడి ఉంటుంది. తలలు తగ్గినా ఇబ్బంది లేని బడీ ఉంటుంది. ఈ తేడా పట్టించుకోకుండా ఇచ్చే ఏ గణాంకమైనా సగం సమాచారమే.

యాభై ఏళ్ళ గ్రాఫు ఏం చెబుతుంది

పదేళ్ళకోసారి తీసుకుంటే హైస్కూల్, హయ్యర్ సెకండరీ టీచర్ల సంఖ్య ఇలా నడిచింది: 1950-51లో 1.27 లక్షలు, 1960-61లో 2.96 లక్షలు, 1970-71లో 6.29 లక్షలు, 1980-81లో 9.26 లక్షలు, 1990-91లో 13.34 లక్షలు, 2000-01లో 17.61 లక్షలు. మొత్తం మీద దాదాపు 14 రెట్లు.

శాతాల్లో చెబితే మొదటి పదేళ్ళు బ్రహ్మాండం, 130 శాతం దాటింది. 1990ల పదేళ్ళు నీరసం, 32 శాతమే. మనుషుల్లో చెబితే తిరగబడుతుంది. 1950ల్లో అదనంగా చేరింది 1.69 లక్షల మంది, 1990ల్లో చేరింది 4.27 లక్షల మంది. పునాది చిన్నగా ఉన్నప్పుడు శాతం పెద్దగా కనబడుతుంది, అంతే. ఏ ప్రభుత్వమైనా తన పదేళ్ళకు ఏది అనుకూలమో ఆ కొలతే చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి అడగాలి.

మొదటి ఇరవై ఏళ్ళ దూకుడుకు స్పష్టమైన కారణాలున్నాయి. 1952-53లో సెకండరీ విద్యా కమిషన్ వేశారు. దాని అధ్యక్షుడు ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్, మన కర్నూలులో పుట్టినవారు. తర్వాత 1964-66 కొఠారీ కమిషన్. ఇంకోపక్క 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. పల్లెల్లో హైస్కూలంటే జడ్పీ హైస్కూలే అన్న స్థితి ఆ రోజుల్లో ఏర్పడి నేటికీ నిలిచింది.

ఇదే కాలంలో దేశంలో హైస్కూళ్ళు, హయ్యర్ సెకండరీ స్కూళ్ళు 7,416 నుంచి 1 లక్షా 26 వేలకు, అంటే 17 రెట్లు పెరిగాయి. టీచర్లు 14 రెట్లే. 1950-51లో బడికి సగటున 17 మంది టీచర్లు. 1990-91 దాకా ఆ సగటు ఇంచుమించు 17 దగ్గరే నిలబడింది. 2000-01కి వచ్చేసరికి 14కు దిగింది. అంటే 1990ల్లో బడులు తెరిచినంత వేగంగా టీచర్లను వేయలేదు. పిల్లలు 18 రెట్లు పెరిగారు కాబట్టి నిష్పత్తి 21 నుంచి 32కు చేరింది. బోర్డు మీద "ఉన్నత పాఠశాల" అని రాయడానికి ఒక జీవో చాలు. ఏడుగురు సబ్జెక్టు టీచర్లను పెట్టాలంటే వాళ్ళ జీతాలు ముప్పై ఏళ్ళపాటు బడ్జెట్‌లో మోయాలి.

2009లో వచ్చిన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ఈ లోటును పూడ్చడానికి మొదలైంది. 5 కిలోమీటర్ల లోపు ఒక సెకండరీ స్కూలు, 30 మందికి ఒక టీచరు దాని లక్ష్యాలు. 2018లో అది సమగ్ర శిక్షలో కలిసిపోయింది.

కోటి దాటిన టీచర్లు

2024-25 యూడైస్ ప్లస్ (కేంద్ర విద్యాశాఖ ఏటా తీసే బడుల లెక్క) ప్రకారం దేశంలో అన్ని స్థాయిల టీచర్లు 1,01,22,420 మంది. కోటి దాటడం అదే మొదటిసారి. సెకండరీ దశలో నిష్పత్తి 21. 2014-15లో అది 31 ఉండేదని కేంద్రం చెప్పింది. 30 దాటకూడదన్న జాతీయ విద్యావిధానం గీటుకు చాలా లోపలే ఉన్నాం. అయినా అదే నివేదికలో ఒకే టీచరుతో నడిచే బడులు 1,04,125 ఉన్నాయి, అసలు పిల్లలే లేని బడులు 7,993 ఉన్నాయి. ఏకోపాధ్యాయ బడులు ఎక్కువగా ప్రైమరీవే. కానీ దేశ సగటు ఎంత అందంగా ఉన్నా అది టీచర్లను సమంగా పంచిపెట్టదని చూడటానికి ఈ ఒక్క అంకె చాలు.

ఈ ప్రయాణం తిన్నగా సాగలేదు కూడా. 2020-21లో 96.96 లక్షలున్న టీచర్లు 2021-22లో 95.07 లక్షలకు, మరుసటి ఏడాది 94.83 లక్షలకు తగ్గారు. మళ్ళీ 2023-24లో 98 లక్షలు, ఆపైన కోటి. తగ్గినప్పుడు ప్రభుత్వాలు పర్మనెంటు టీచర్లను తీసేయలేదు. కోవిడ్‌లో ప్రైవేటు బడులు మూతపడ్డాయి, కొన్ని ప్రభుత్వ బడులను విలీనం చేశారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రభుత్వం ఇవ్వాల్సి వచ్చింది. దేశంలోని టీచర్లలో ప్రభుత్వోద్యోగులు సగానికి కాస్త ఎక్కువ మందే. మిగతావాళ్ళ సంఖ్య ఫీజులతో పాటే లేచి పడుతుంటుంది.

ఇక్కడ మరో మెలిక. 2022-23 నుంచి యూడైస్ పిల్లలను బడిలెక్కన కాకుండా ఒక్కొక్కరి పేరున నమోదు చేస్తోంది. 2021-22లో 26.52 కోట్లున్న పిల్లలు 2022-23లో 25.18 కోట్లయ్యారు. ఒకే బిడ్డ రెండు బడుల్లో లెక్కకు రావడం తగ్గితే నిష్పత్తిలో పై అంకె తగ్గుతుంది, ఒక్క టీచరునూ కొత్తగా వేయకుండానే నిష్పత్తి బాగుపడుతుంది. అందుకే 2022కు ముందు, తర్వాత లెక్కలను ఒకే గీతగా గీయడం తప్పు.

అంతర్జాతీయ పట్టికలు చూసేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. యునెస్కో వర్గీకరణలో మన 6, 7, 8 తరగతులు కూడా సెకండరీ కిందే వస్తాయి, దిగువ సెకండరీ అన్నమాట. 9–12 ఎగువ సెకండరీ. మన కొత్త విద్యావిధానంలో 6–8 మధ్య దశ, 9–12 సెకండరీ. పాత వాడుకలో సెకండరీ అంటే 9, 10 మాత్రమే. ఒకే మాట, మూడు హద్దులు. పైగా తెలుగు రాష్ట్రాల్లో 11, 12 తరగతులు చాలావరకు బడిలో ఉండవు, జూనియర్ కాలేజీలో ఉంటాయి. 1971 నుంచీ ఇంటర్మీడియెట్‌కు విడిగా బోర్డు ఉంది. అక్కడ చెప్పేవాళ్ళను మనం లెక్చరర్లంటాం, వాళ్ళ నియామకం పబ్లిక్ సర్వీస్ కమిషన్ చూస్తుంది. 2022లో తెలంగాణ 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అవి బడి టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీ లెక్కలో కనబడవు, కానీ ప్రపంచ లెక్కలో వాళ్ళూ సెకండరీ టీచర్లే. కేరళతోనో తమిళనాడుతోనో మనల్ని పోల్చేటప్పుడు ఇది మర్చిపోతే పోలిక మొత్తం చెడుతుంది.

హెడ్మాస్టర్ గదిలోని టైంటేబుల్

నిష్పత్తి ఎక్కడ మోసం చేస్తుందో ఒక టైంటేబుల్ ముందు పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. 6 నుంచి 10 దాకా తరగతికి ఒక్కో సెక్షన్ ఉన్న జడ్పీ హైస్కూలును తీసుకుందాం. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 48. లెక్క తేలిక కోసం ప్రతి సెక్షన్‌కూ వారానికి గణితం 7, తెలుగు 6, ఇంగ్లిష్ 6, సాంఘికం 6, హిందీ 4, భౌతికశాస్త్రం 4, జీవశాస్త్రం 4 అనుకుందాం. మొత్తం 37. మిగతా 11 ఆటలు, బొమ్మలు, లైబ్రరీ, పర్యవేక్షణ చదువు వగైరా.

ఐదు సెక్షన్లకు గణితం 35 పీరియడ్లు. తెలుగు, ఇంగ్లిష్, సాంఘికం ఒక్కోటి 30. హిందీ, భౌతికం, జీవం ఒక్కోటి 20. అన్నీ కలిపి 185. ఏడుగురు టీచర్లుంటే సగటున మనిషికి 26 పీరియడ్లు. ఇప్పుడు ఈ బడిలో సెక్షన్‌కు 20 మంది చొప్పున 100 మందే పిల్లలున్నారనుకోండి. నిష్పత్తి 14. కాగితం మీద ఇది టీచర్లు ఎక్కువైన బడి. 30కి ఒకరు అనే కొలబద్ద పెడితే నలుగురు చాలు. ఆ నలుగురికి మనిషికి 46 పీరియడ్లు వస్తాయి, ఏడు సబ్జెక్టులు నలుగురే పంచుకోవాలి. హిందీ పండిట్ ఇంగ్లిష్ చెప్పాలా? సోషల్ సారు రసాయన సమీకరణాలు రాయించాలా?

ఇంకో బడి తీసుకోండి. తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 35 మంది, మొత్తం 350. పీరియడ్లు 370. 30కి ఒకరు చొప్పున 12 మంది టీచర్లు వస్తారు, మనిషికి 31 పీరియడ్లు. ఇక్కడ నిష్పత్తీ టైంటేబులూ ఒకే మాట చెబుతాయి. అంటే 30:1 అనేది పెద్ద బడికి పనికొచ్చే కొలబద్ద. చిన్న బడికి అది పనికిరాదు. మన పల్లె హైస్కూళ్ళలో పిల్లలు ప్రైవేటు బస్సులెక్కి పోతున్న కొద్దీ ఎన్నో బడులు రెండో రకం నుంచి మొదటి రకానికి మారుతున్నాయి. అలా మారిన ప్రతిసారీ నిష్పత్తి మెరుగుపడినట్టు కనిపిస్తుంది.

చిన్న బడిలో ఒక్క పోస్టు పోతే ఏమవుతుందో చూడండి. భౌతికశాస్త్రం పోస్టు ఖాళీ అయింది. మామూలుగా గణితం సారు 8, 9, 10 తరగతుల భౌతికం తీసుకుంటారు. ఆయన 35కు ఇంకో 12 కలిస్తే 47. వారమంతా కలిపి ఒక్క పీరియడ్ ఖాళీ. 6, 7 తరగతుల భాగం జీవశాస్త్రం టీచరు మీద పడుతుంది. నోట్సులు దిద్దడం, సెలవు పెట్టిన టీచరు క్లాసు చూడటం, ఎస్ఎస్సీ స్పెషల్ క్లాసులు ఆ ఒక్క పీరియడ్‌లోంచే రావాలి. ఖాళీ అయింది గణితం పోస్టయితే ఇంకా కష్టం. భౌతికం సారు 20కి 35 కలిపితే 55. వారంలో ఉన్నవే 48. ఆ ఏడు పీరియడ్లు ఎవరూ చెప్పలేరు. వర్క్ అడ్జస్ట్‌మెంట్ పేరుతో పక్క బడి నుంచి వారానికి రెండు మూడు రోజులు ఒకరిని పంపిస్తారు, అప్పుడు ఖాళీ పక్క బడికి మారుతుంది. రేషనలైజేషన్‌లో, అంటే పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను బడుల మధ్య సర్దేటప్పుడు, ఏ పోస్టును సర్‌ప్లస్ చూపాలన్న గొడవంతా ఈ 20 పీరియడ్ల సబ్జెక్టుల చుట్టూనే తిరుగుతుంది. పోస్టు మిగిలిపోయిందనే మాట తలల లెక్కలో నిజం, పీరియడ్ల లెక్కలో అబద్ధం.

ఒక ఖాళీ ఎన్ని చేతులు మారుతుంది

రిటైరైన గణితం స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు) స్థానంలో మరొకరు ఎలా వస్తారో తెలిస్తేనే నియామకాల అంకెలు అర్థమవుతాయి. మన సర్వీసు నిబంధనల ప్రకారం స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం పదోన్నతితో, 30 శాతం డీఎస్సీతో నింపాలి. పది ఖాళీలుంటే ఏడింటికి ఎస్జీటీల (ప్రైమరీ బడుల్లో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు) నుంచి తీసుకుంటారు. డీఈవో ఆఫీసు సబ్జెక్టువారీ సీనియారిటీ జాబితా వేస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటుంది, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) చూస్తుంది, కౌన్సెలింగ్ పెడుతుంది. హైస్కూల్లో కొత్త గణితం సారు చేరతారు. అదే రోజు ఏదో ప్రైమరీ బడిలో ఒకరు తగ్గుతారు. హైస్కూల్ టీచర్ల సంఖ్య పెరిగింది, రాష్ట్రంలో టీచర్లు ఒక్కరూ పెరగలేదు. ఖాళీ కింది మెట్టుకు దిగిందంతే.

తెలంగాణలో 2015 తర్వాత ఆగిపోయిన పదోన్నతులు 2023లో మొదలై, కోర్టు కేసులతో నిలిచి, 2024 వేసవిలో పూర్తయ్యాయి. వేలమంది ఎస్జీటీలు జూన్‌లో హైస్కూళ్ళకు వెళ్ళారు. వాళ్ళు వదిలిన ప్రైమరీ బడులను నింపాల్సిన డీఎస్సీ నోటిఫికేషన్ ఫిబ్రవరి 29న వచ్చింది, పరీక్షలు జూలై 18న మొదలయ్యాయి, నియామక పత్రాలు అక్టోబర్ 9న ఇచ్చారు. బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా దాకా ఆ తరగతి గదులు ఎవరు చూసినట్టు? రెండు పనుల వరుస తారుమారైతే ఇలాగే ఉంటుంది. ముందు డీఎస్సీ, ఆ అభ్యర్థులు చేరే వారంలో పదోన్నతులు అన్న వరుస పెట్టుకుంటే ఒక్క పీరియడ్ నష్టం ఉండదు.

ఆ డీఎస్సీలో మొత్తం పోస్టులు 11,062. అందులో ఎస్జీటీ 6,508, స్కూల్ అసిస్టెంట్ 2,629. నిష్పత్తి ఇలా ఉండటానికి ఆ 70:30 నియమం పెద్ద కారణం. బీఈడీ చదివినవాళ్ళకు దీని బరువు ఇప్పుడు రెట్టింపైంది. 2015-16 నుంచి బీఈడీ రెండేళ్ళయింది. బీఈడీతో ఎస్జీటీ పోస్టులకు అర్హత లేదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. డిగ్రీ మీద రెండేళ్ళు పెట్టి చదివిన అభ్యర్థికి డీఎస్సీలో మిగిలింది ఆ 30 శాతం వాటా ఒక్కటే.

ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీది ఇంకో పాఠం. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్జీటీలు 6,371. జూన్ 6 నుంచి జూలై 2 దాకా పరీక్షలు, సెప్టెంబర్ 25న నియామక పత్రాలు. అయిదు నెలల్లో ముగించడం మన చరిత్రలో వేగమే, మెచ్చుకోవాలి. దరఖాస్తు చేసినవాళ్ళు మూడు లక్షల ముప్పై వేలకు పైనే. అయినా ఎంపికైంది 15,941 మంది. 406 పోస్టులకు అర్హులు దొరకలేదు. ఒక్కో పోస్టుకు జిల్లా, మేనేజ్‌మెంట్, సబ్జెక్టు, మీడియం, రోస్టర్ పాయింట్, స్థానికత ఇలా ఆరు గళ్ళుంటాయి. ఒక గడిలో వేలమంది తోసుకుంటుంటే ఇంకో గడిలో అర్హత మార్కులు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ ఉండరు. నిరుద్యోగమూ ఖాళీలూ ఒకేసారి ఉండటం వింతేమీ కాదు.

అంతకుముందు డీఎస్సీ ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చింది, 7,902 పోస్టులు. తెలంగాణలో డీఎస్సీ లాంటిదే 2017 టీఆర్టీ, 8,792 పోస్టులు. రెండు చోట్లా ఏడేళ్ళ విరామం. ఒక సబ్జెక్టులో 1,000 మంది స్కూల్ అసిస్టెంట్లున్నారనుకుందాం. సగటు సర్వీసు 33 ఏళ్ళయితే ఏటా దాదాపు 30 మంది తగ్గాలి, ఏడేళ్ళకు 210 మంది. అంటే ఐదు బడుల్లో ఒకదానికి ఆ సబ్జెక్టు సారు ఉండరు. అప్పుడు ఒక డీఎస్సీ వేసి 200 మందిని తీసుకుంటే పత్రికల్లో 200 కొత్త కొలువులని వస్తుంది. నికరంగా పెరిగింది సున్నా.

రిటైర్మెంటు వయసు అనే కవాటం

ఈ ఏడేళ్ళలో ఖాళీలు ఇంకా ఎక్కువగా బయటపడకపోవడానికి కారణం రిటైర్మెంటు వయసు పెంచడం. ఆంధ్రప్రదేశ్ 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరిలో 62కి పెంచింది. తెలంగాణ 2021 మార్చిలో 58 నుంచి 61కి పెంచింది. వయసు మూడేళ్ళు పెంచితే మూడేళ్ళపాటు వయసు మీరి వెళ్ళేవాళ్ళు దాదాపు ఉండరు. నియామకాలు లేకపోయినా పనిచేసేవాళ్ళ సంఖ్య నిలకడగా కనబడుతుంది. సగటు వయసు మాత్రం ఏటా ఒక ఏడు పెరుగుతుంది. 2024లో రెండు రాష్ట్రాల్లోనూ ఆ కవాటం మళ్ళీ తెరుచుకుంది. అప్పటిదాకా ఆగిన రిటైర్మెంట్లు నెలనెలా మొదలయ్యాయి.

దీన్ని ముందుగా లెక్కగట్టడం అంత కష్టమేమీ కాదు. ప్రతి టీచరు పుట్టిన తేదీ, సబ్జెక్టు, బడి ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. 2030 మే నెలలో ఏ మండలంలో ఎన్ని భౌతికశాస్త్రం పోస్టులు ఖాళీ అవుతాయో ఇప్పుడే చెప్పొచ్చు. ఆ పట్టికను ఏటా జనవరిలో అందరి ముందూ పెట్టి, దానికి తగ్గట్టు చిన్న చిన్న డీఎస్సీలు ఏటా వేస్తే ఏడేళ్ళ కరువులూ మెగా వరదలూ తప్పుతాయి. ఒకేసారి వేలమందిని వేస్తే ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళలో చాలామంది దగ్గరదగ్గరగా వెళ్ళిపోతారన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచమంతా ఎదుర్కొంటున్న చిక్కే ఇది. 2030 నాటికి ఇంకా 4 కోట్ల 40 లక్షల మంది టీచర్లు కావాలని, అందులో పదిలో ఏడుగురు సెకండరీకే కావాలని యునెస్కో అంచనా. ఆ అవసరంలో సగానికి పైగా, వెళ్ళిపోయేవాళ్ళ స్థానాలు నింపడానికే.

పేరు మారితే పెరిగినట్టా

మనిషి చేరకుండానే హైస్కూల్ టీచర్లు పెరిగే దారులు కొన్ని ఉన్నాయి. తెలంగాణలో పది వేలకు పైగా భాషా పండితుల, పీఈటీల (వ్యాయామ టీచర్ల) పోస్టులను స్కూల్ అసిస్టెంట్లుగా అప్‌గ్రేడ్ చేశారు. ఎన్నో ఏళ్ళుగా 9, 10 తరగతులకు పాఠం చెబుతూ కింది స్కేలులో ఉండిపోయినవాళ్ళకు అది న్యాయమే, ఆలస్యంగా దక్కిన న్యాయం. కానీ ఆ ఏడాది గ్రాఫులో కనిపించే పెరుగుదలతో కొత్త పీరియడ్ ఒక్కటీ పుట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 దీనికి పెద్ద ఉదాహరణ. 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్ళకు కలిపి, మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెప్పాలన్నారు. బడుల వర్గీకరణే మారిపోయింది. హైస్కూల్లో టీచర్లు పెరిగినట్టు కనిపిస్తుంది, అదే సమయంలో వాళ్ళ పీరియడ్లు కొన్ని మూడో తరగతి పిల్లలకు పోయాయి. 2025 మేలో ఆ జీవోను రద్దు చేసి తొమ్మిది రకాల బడులతో కొత్త అమరిక తెచ్చారు, మళ్ళీ గళ్ళు మారాయి. 2021, 2023, 2026 అంకెలను పక్కపక్కన పెట్టి ఆంధ్రప్రదేశ్ హైస్కూల్ టీచర్లు పెరిగారా తగ్గారా అని తేల్చాలంటే ముందు ఒక్కో ఏడాదీ ఏ తరగతులు హైస్కూల్ కింద ఉన్నాయో రాసుకోవాలి.

గురుకులాలు మరో ఖాతా. 1971లో సర్వేల్‌లో మొదలైన ఆ ఒరవడి తెలంగాణలో బాగా విస్తరించింది. 2023లో 9,200కు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు. అక్కడ టీచర్లను టీజీటీ, పీజీటీ అంటారు, నియామక బోర్డు వేరు. జడ్పీ హైస్కూల్ ఖాళీల మీద ప్రశ్న వేస్తే గురుకులాల అంకె కలిపి చెప్పే జవాబులు చాలా చూస్తుంటాం. రెండూ నిజమైన కొలువులే, కానీ గురుకులంలో చేరిన గణితం మేడమ్ పక్క ఊరి జడ్పీ బడిలో పాఠం చెప్పరు.

కాబట్టి ఈసారి అంకె ఎదురైనప్పుడు, మంజూరైన పోస్టులా పనిచేస్తున్నవాళ్ళా అని మొదట అడగండి. పనిచేస్తున్నవాళ్ళే అయితే అందులో కాంట్రాక్టువాళ్ళు, అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు ఎందరో కనుక్కోండి. చేరినవాళ్ళలోంచి వెళ్ళినవాళ్ళను తీసేశారా చూడండి. ఆ తర్వాత సబ్జెక్టు అడగండి. ఒక మండలంలోని హైస్కూళ్ళన్నీ తీసుకుని, గణితానికి కావలసిన పీరియడ్లెన్ని, గణితం టీచర్లు చెప్పగలిగినవెన్ని అని రాస్తే ఒక్క పేజీలో తేలిపోతుంది. సమాచార హక్కు కింద ఏ తల్లిదండ్రులైనా అడగదగ్గ కాగితమది.

2027 దాకా ఈ అంకెలను కదిలించగలది ఇంకొకటి ఉంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, ఇంకా ఐదేళ్ళకు మించి సర్వీసున్న టీచర్లు రెండేళ్ళలో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాసవ్వాలంది. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం టెట్ ఉండాల్సిందే. టెట్ పుట్టింది విద్యాహక్కు చట్టం నుంచి, ఆ చట్టం 8వ తరగతి దాకానే. 9, 10 మాత్రమే చెప్పే టీచరు దాని పరిధిలోకి రారు. కానీ మన స్కూల్ అసిస్టెంట్ 6 నుంచి 10 దాకా చెబుతారు, కాబట్టి వస్తారు. టెట్‌ను తప్పనిసరి చేసిన 2010 ఆగస్టు 23 నాటి ఎన్సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నోటిఫికేషన్‌కు ముందు చేరినవాళ్ళకు, చేరేటప్పుడు ఆ పరీక్షే లేదు. పదిహేడేళ్ళుగా పదో తరగతికి త్రికోణమితి చెబుతున్న సారు 2027 ఆగస్టు ఆఖరులోగా పరీక్ష రాసి పాసవ్వాలి, ఆయన టైంటేబుల్లో 6, 7, 8 తరగతుల పీరియడ్లు ఉన్నందుకు.